నొప్పి లేని చుక్క

పినపాక అవతలి అడవి అంచుకు మీలో ఎవరూ వెళ్ళి ఉండరు. వెళ్ళాల్సిన పని కూడా లేదు. భద్రాచలం రాముణ్ణి చూడాలనుకునేవాళ్ళు సారపాక వంతెన దాటి నేరుగా గుడికి పోతారు, మొక్కు తీర్చుకుని వచ్చేస్తారు. నేను వెళ్ళింది గోడ కోయడానికి. మూడు రోజుల్లో ముగించి వస్తానని ఇంట్లో చెప్పి వెళ్ళినవాణ్ణి, ఐదో రోజున పని సగంలో వదిలేసి వచ్చాను. వచ్చినప్పటినుంచి పొద్దున లేవగానే కిటికీ దగ్గర నిలబడి రెండు అరచేతులూ వెలుతురులో చూసుకుంటున్నాను. జ్యోతిష్యం ఎప్పుడు నేర్చావని మా ఆవిడ ఎగతాళి చేస్తోంది. ఏం చూసుకుంటున్నానో ఆమెకు నోటితో చెప్పలేక ఇది రాస్తున్నాను.

ముందు నా పని సంగతి చెప్పాలి. హైదరాబాదులో కాంక్రీటు కోసే మిషన్లు నడుపుతాను. వాటిలో ఒకటి చైన్ సా. చూడ్డానికి చెట్లు కోసే రంపమే, కాకపోతే గొలుసు పళ్ళకు వజ్రపు పొడి ఉంటుంది. రంపంలో ఇంజను ఉండదు. పక్కన నేలమీద పవర్ ప్యాక్ అనే పెట్టె ఉంటుంది. అది ఒక రబ్బరు గొట్టంలో నూనెను విపరీతమైన ఒత్తిడితో తోస్తుంది, ఇంకో గొట్టంలో వెనక్కి తీసుకుంటుంది. ఆ నూనె బలానికే గొలుసు తిరుగుతుంది. మూడో గొట్టంలో నీళ్ళు. నీళ్ళు లేకుండా కాసేపు తిప్పితే చాలు, గొలుసు సాగి తెగిపోతుంది. గుండ్రటి బ్లేడు మూల దగ్గర గీత దాటి కోస్తుంది. ఈ గొలుసు రంపం మూలను మూలలాగే కోస్తుంది. అందుకే నన్ను పిలిచారు.

ఖమ్మం

మిషను రైలు పార్సిల్లో నాతోపాటే దిగింది. స్టేషను ఎదురుగా బండి మీద ప్లేటు ఇడ్లీ ఐదు రూపాయలు. మా వైపు ఎనిమిది పెట్టినా ఇంత మెత్తగా దొరకదు. కారప్పొడి మీద నెయ్యి వేసిన ఆవిడ డబ్బులు తీసుకుంటూ, ఎటు పోతున్నారని అడిగింది. పినపాక అవతలికి అన్నాను. చిల్లర ఇస్తూ, నీళ్ళు కాచుకుని తాగమంది.

స్నానానికి దిగిన లాడ్జి వాకిట్లో మిషను విప్పి చూసుకున్నాను. అది నా అలవాటు, దూరం పోయిన ప్రతిసారీ చేస్తాను. గొలుసు బిగువు బాగానే ఉంది, పళ్ళు అన్నీ ఉన్నాయి. నూనె పోయే గొట్టం మధ్యలో ఒకచోట మాత్రం రబ్బరు రాసుకుపోయి ఉంది. పార్సిల్లో దేనికో ఒరుసుకుని ఉంటుంది. గోరుతో గీరితే లోపలి ఇనుప తీగల అల్లిక తళుక్కుమంది. తీగ కనబడిన గొట్టాన్ని వాడకూడదని మిషనుతో వచ్చిన పుస్తకంలో రాసి ఉంది. ఆ పుస్తకంలోంచి నేను ఒక పేజీ చింపి, ప్లాస్టిక్ తొడుగు వేయించి పనిముట్ల పెట్టెలో దాచుకున్నాను కూడా. ఎర్ర అంచుల మధ్య ఒక అరచెయ్యి బొమ్మ ఉంటుంది అందులో.

కొత్త గొట్టం హైదరాబాదులో ఉంది. వెళ్ళి తేవాలంటే ఒక రోజు పోతుంది. నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టాను. ఈ కథంతా ఆ నాలుగు చుట్ల కింద ఉంది. అందుకే దాన్ని దాచకుండా ముందే చెప్పేస్తున్నాను.

దమ్మపేట

నన్నూ మిషనునూ తీసుకెళ్ళడానికి పని అప్పగించిన కాంట్రాక్టరు కుదిర్చిన మనిషి సీతారాములు. నలభై దాటిన రైతు, దమ్మపేట దగ్గర నాలుగెకరాల పామాయిల్ తోట ఉంది. తోట పని లేనప్పుడు చిన్న ట్రక్కు కిరాయికి తిప్పుతాడు. మాట ఎక్కువ, నవ్వు అంతకంటే ఎక్కువ. ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకున్నాను. అతని భార్య పద్మ మామిడికాయ పప్పు, ఎండుచేపల వేపుడు పెట్టింది. మా ఇంట్లో పప్పు గరిటెకు అంటుకుంటుంది, అక్కడ గరిట నుంచి జారుతుంది. తిన్నాక రెండోదే బాగుందనిపించింది.

పొద్దున్నే అతని వెంట తోటలోకి వెళ్ళాను. పామాయిల్ తోట ఎప్పుడూ చూడనివాళ్ళకు ఒక మాట. అక్కడ తెల్లవారదు. బయట ఎండ పడుతున్నా లోపల మసక వెలుతురే. ఏ వరసలో నిలబడినా అదే వరస, ఎటు తిరిగినా అవే మొద్దులు. పిట్ట అరుపు వినబడలేదు. పది అడుగులు వెనకబడితే దారి తప్పుతానేమోనని అతని చొక్కా చూసుకుంటూ నడిచాను.

సీతారాములు వంగి, డ్రిప్పు పైపు మీదుగా కుడి అరచేతిని పోనిస్తూ నడుస్తున్నాడు. దూడ వీపు నిమిరినట్టు ఉంది. ఉడతలు కొరికిన చోట సూది మొనంత కన్నాలు పడతాయట. నీళ్ళు కంటికి కనబడనంత సన్నగా చిమ్ముతాయి. అరచేతికి చల్లగా తగిలిన చోట ఆగి, పుల్ల దోపి బిగిస్తాడు. ఎలా కనిపెడుతున్నావని అడిగితే నవ్వాడు.

“కండ్లు మోసం జేస్తయ్ సార్. చెయ్యి జెయ్యదు.”

చండ్రుగొండ

రెండో రోజు పొద్దెక్కాక బయలుదేరాం. చండ్రుగొండలో టీ తాగాం, రెండు రూపాయలు, సగం గ్లాసు. ఇప్పపూల కాలం. రోడ్డు పక్క చెట్ల కింద నేల ఊడ్చి శుభ్రం చేసి ఉంది, రాలిన పూలు ఏరుకోవడానికి. ఆ వాసన ట్రక్కులోకి వచ్చి కూర్చుని మనుగూరు దాకా మాతోనే ఉంది. తియ్యగా ఉండి, కాసేపటికి తల దిమ్మెక్కించే వాసన. నేను సంతలో నాలుగు పచ్చి మామిడికాయలు కొన్నాను. సీతారాములుకు ఒకటి ఇస్తే, ఊళ్ళోకి పోయాక ఆళ్ళ ముందు తినకండి సార్ అన్నాడు. ఎందుకని అడిగేలోపు ఎదురుగా లారీ వచ్చింది, మాట అక్కడే ఆగిపోయింది.

పినపాక దాటాక

మేం చేరింది ఒక వాగు గోదావరిలో కలిసే చోటు. ఎన్నేళ్ళ కిందటో కట్టి, వాడకుండా వదిలేసిన పంపుహౌసు ఉంది. లోపలి మోటార్లు దొంగలపాలు కాకుండా అప్పట్లో గుమ్మాన్ని అడుగు మందం కాంక్రీటుతో మూసేశారు. ఇప్పుడు ఆ మోటార్లు బయటికి కావాలి. సుత్తులతో కొడితే పాత కప్పు కూలుతుందని భయం. గుమ్మమంత ముక్క కోసి తియ్యాలి, అదీ నా పని.

దగ్గర్లో పదిహేను ఇళ్ళ కోయగూడెం. మాకు వండిపెట్టడానికి ఒప్పుకున్న లక్కమ్మకు అరవై ఏళ్ళుంటాయి. మొగుడు లేడు. ఇప్పపూలు, తునికాకు, రెండు మడిచెక్కల వరి, అదీ ఆమె బతుకు. వాళ్ళలో వాళ్ళు కోయ భాషలో మాట్లాడుకుంటారు, మాతో తెలుగులో. సీతారాములు ఏం చెప్పాడో మరిచిపోయి, ఆమె ఇంటి ముందు కూర్చుని మామిడికాయ కోసి ఉప్పు అద్దుకుని తిన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు మాటలు ఆపి మొహాలు తిప్పుకున్నారు. కొత్తల పండుగ చేసి దేవతకు పెట్టేదాకా వాళ్ళు మామిడికాయ ముట్టరట. మా ఇళ్ళలో ఉగాది దాకా కూడా ఆగం. తింటే ఏమవుతుందని అడిగాను.

లక్కమ్మ నా చేతిలోని ముక్క వైపు చూసింది.

“ఏం గాదు సారూ. అప్పటికైతే ఏం గాదు.”

మిగిలిన కాయలు సంచిలో పెట్టేశాను.

సాయంత్రం గోడ చూడటానికి వెళ్ళాం. ఎండకు రాళ్ళు కాలుతున్నాయి, ఆ గోడ మాత్రం చల్లగా ఉంది. చెవి ఆనించాను. లోపల ఒక చప్పుడు, ఆగి ఆగి. పక్క గదిలో ఎవరో నిద్రపోతుంటే వినబడేలాంటి చప్పుడు. నదిలోకి దిగిన పాత పైపు లోపల తెరుచుకుని ఉంటుంది, గాలి పోయి వస్తుంటుంది, అంతే. నాకు తెలుసు. అయినా చెవి తీసేశాక వేలితో రుద్దుకున్నాను. గూడెంవాళ్ళు మిట్టమధ్యాహ్నం ఆ గోడ పక్కగా నడవరట. ఎందుకో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

చుక్క

మూడో రోజు పొద్దున్నే మొదలుపెట్టాం. సీతారాములుకు పవర్ ప్యాక్ దగ్గర కాపలా, నీళ్ళ డ్రమ్ము చూసుకునే పని. జాగ్రత్తలన్నీ చెప్పాను. గొలుసుకు ఎదురుగా నిలబడకు, తెగితే తూటాలా వస్తుంది. నేను రెండు చేతులతో పట్టుకున్నప్పుడు నా భుజం ముట్టకు. నీళ్ళు ఆగితే వెంటనే కేక వెయ్యి. తిరిగే పళ్ళ జోలికి పోకు. అన్నీ పళ్ళ గురించే చెప్పాను. గొట్టం గురించి ఒక్క మాట చెప్పలేదు. చెబితే టేపు గురించి కూడా చెప్పాల్సి వచ్చేది.

ముందు గీత వెంబడి వేలెడు లోతున గాడి తీసుకున్నాను. తరవాత రంపం ముక్కును గాడిలో పెట్టి, బలవంతం చెయ్యకుండా దాని బరువుకు అదే దిగేలా పట్టుకున్నాను. బూడిద రంగు బురద నీళ్ళు గోడ మీదుగా నా బూట్ల మీదికి కారుతున్నాయి. ఆ బురదను చూస్తూనే మేం కోస్తాం. లోపల ఏముందో చెప్పేది అదే.

నిలువు గీత నడుం ఎత్తు దాటిందో లేదో, బురద ఆగిపోయింది. నీళ్ళు పోతున్నాయి, తిరిగి రావడం లేదు. గోడ తాగేస్తోంది. అంటే పళ్ళు అవతలి ఖాళీలోకి దిగాయని అర్థం, కొత్తేమీ కాదు. ఆ కోత సందులోంచి చల్లటి గాలి నా మెడకు తగిలింది. మళ్ళీ ఆగింది. మళ్ళీ తగిలింది.

అప్పుడే రంపం ఊపు తగ్గింది. నూనె ఎక్కడో పోతోంది. మీట వదిలి వెనక్కి తిరిగాను.

సీతారాములు కింద కూర్చుని, గొట్టం మీదుగా కుడి అరచేతిని పోనిస్తున్నాడు. దూడ వీపు నిమిరినట్టు.

నేను అరిచే లోపే అతను చెయ్యి ఎత్తి చూసుకున్నాడు. పరుగెత్తి ఇంజను ఆపాను. చూపుడు వేలి మొదట్లో ఒక చుక్క ఉంది. పెన్ను మొన ఆనించినంత. రక్తం లేదు.

“దొరికింది సార్, గీడనే ఉంది చిల్లి,” అని నవ్వాడు. చీమ కుట్టినంత నొప్పి కూడా లేదన్నాడు.

నా పనిముట్ల పెట్టెలో ఉన్న పేజీ గుర్తొచ్చింది. అందులో ఏముందో నాకు తెలుసు. అంత ఒత్తిడితో వచ్చే నూనెకు చర్మం అడ్డు కాదు. సూదిమందు ఎక్కించినట్టు లోపలికి దిగి, వేళ్ళలోకీ మణికట్టులోకీ పాకుతుంది. మొదట నొప్పి ఉండదు. గంటలు గడిచే కొద్దీ లోపలి కండ చచ్చిపోతుంది. చిల్లిని చేత్తో వెతకొద్దు, అట్టముక్కతో వెతకాలి. అన్నీ తెలుసు. కానీ పదేళ్ళలో ఒక్కసారి కూడా నా కళ్ళతో చూడలేదు. ఎదురుగా మనిషి నవ్వుతున్నాడు. సబ్బుతో కడుక్కోమని చెప్పి, పని ఆగిపోయిందే, కొత్త గొట్టం ఎవరితో తెప్పించాలా అని దిగులు పడుతూ కూర్చున్నాను. గంటసేపు. నా దిగులు గొట్టం మీద, చెయ్యి మీద కాదు.

లక్కమ్మ అన్నం గిన్నె తెచ్చింది. మధ్యాహ్నం కాకముందే ఇచ్చి పోదామని జల్దీ వచ్చింది. సీతారాములు ముద్ద కలుపుతూ, వేళ్ళు సరిగా మడత పడటం లేదని నవ్వుతూ అన్నాడు. ఆమె గిన్నె కింద పెట్టి అతని చెయ్యి పట్టుకుంది. వెలుతురుకు తిప్పింది. అరచెయ్యి పాలిపోయి ఉంది, వేలు కొద్దిగా ఉబ్బింది.

“నొప్పి ఉన్నదా బిడ్డా?”

“లేదవ్వా. పాముగాదు, ఏంగాదు. పైపు తగిలింది.”

ఆమె మొహం మారిపోయింది. నొప్పి లేదని మళ్ళీ ఒకసారి చెప్పించుకుంది. తరవాత నా వైపు తిరిగి తన మొగుడి సంగతి చెప్పింది. నేలమీద పడుకుని లేచాడట, చీలమండ మీద గిట్లనే ఒక చుక్క. ఏమీ కాలేదని నవ్వుకుంటూ పొలానికి పోయాడు. పొద్దు నడినెత్తికి రాకముందే కనురెప్పలు వాలిపోయాయి, ఎత్తుదామంటే లేవలేదు. కట్లపాము. అది కరిచినట్టే తెలియదు.

“నొప్పి ఉన్న కాటుకు మనిషే ఉరుకుతడు సారూ. నొప్పి లేని కాటుకు పక్కనున్నోడు ఉరకాలె. ఇంతసేపు ఏం జేసినవ్?”

నేను పనిముట్ల పెట్టె తెరిచి ఆ పేజీ బయటికి తీశాను.

ఆమె కేకేస్తే నలుగురు మగవాళ్ళు మంచం తెచ్చారు. పాము కరిచినవాణ్ణి నడవనివ్వరు వాళ్ళు, ఇతన్నీ నడవనివ్వలేదు. మంచం మీద మోసి ట్రక్కు దగ్గరికి తెచ్చారు. జబ్బకు తాడు బిగించబోతే వద్దన్నాను, ఆ పేజీ చూపించాను. చదువు రాకపోయినా ఎర్ర అంచుల మధ్య చెయ్యి బొమ్మ చూసి తాడు పక్కన పడేశారు.

భద్రాచలం

ట్రక్కు నేనే నడిపాను. హైదరాబాదులో స్కూటరు తప్ప నడపనివాణ్ణి, గేరు మార్చిన ప్రతిసారీ సీతారాములు వెక్కిరించాడు. గట్ల గుంజకండి సార్, అది ఎద్దు గాదన్నాడు. సెల్లుకు సిగ్నల్ లేదు. రోడ్డుకు రెండు పక్కలా అడవి, ఆకు కదలడం లేదు. పక్కన మనిషి నవ్వుతూ తోట గురించి, ఉడతల గురించి చెబుతున్నాడు. ఒళ్ళో అతని చెయ్యి చచ్చిపోతోంది. నేను ఎన్నో చోట్ల ఎన్నో చూశాను, అంత భయమేసిన ప్రయాణం ఇంకొకటి లేదు.

అశ్వాపురం దాటాక మాటలు తగ్గాయి. వేలు దొండపండంత అయింది. సారపాక దగ్గరికి వచ్చేసరికి పళ్ళు బిగబట్టి కళ్ళు మూసుకున్నాడు. నొప్పి మొదలైందన్నాడు. వంతెన మీద గోదావరి ఎండకు తెల్లగా మెరుస్తోంది. అవతల గుడి గోపురం కనబడితే నేను మొక్కుకోలేదు. ఏ మొహంతో మొక్కుతాను?

దవాఖానాలో డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు చుక్కను చూసి, టీటీ సూది వేసి పంపమని నర్సుకు చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు, అక్కడ కనబడేది అంతే. నేను ప్లాస్టిక్ తొడుగు పేజీ ఆయన ముందు పెట్టాను. నిలబడి చదివాడు. కూర్చుని మళ్ళీ చదివాడు. తరవాత మణికట్టు దగ్గర బొటనవేలు పెట్టి, మెల్లగా అరచేతి వైపు నొక్కుకుంటూ వచ్చాడు.

చుక్కలోంచి నూనె వచ్చింది. బొట్టు, దాని వెనక ఇంకో బొట్టు. నా మిషను నూనె, నా చేతులతో నేను పోసిన నూనె, మనిషి ఒంట్లోంచి వస్తోంది. సీతారాములు దాన్ని చూసి, మొదటిసారి నవ్వడం మానేశాడు. పెద్ద సర్జనుకు కబురు పంపి, పావుగంటలో లోపలికి తీసుకెళ్ళారు.

మళ్ళీ గోడ దగ్గర

నాలుగో రోజు మిషను తెచ్చుకోవడానికి వెళ్ళాను. నేను కోసిన సందును గూడెంవాళ్ళు మట్టితో, ఆకులతో పూడ్చేశారు. పై నుంచి కింది దాకా, అంగుళం వదలకుండా. ఊపిరి బయటికి వస్తోందట, ముయ్యాల్సి వచ్చిందన్నారు. కాంట్రాక్టరు ఇంకొకరిని పిలుచుకుంటాడో, వదిలేస్తాడో తెలియదు. నేను మళ్ళీ రానని మనుగూరు నుంచి ఫోను చేసి చెప్పేశాను.

గొట్టం మీది టేపు విప్పాను. నాలుగు చుట్ల కింద, ఖమ్మంలో నా గోరు గీరిన చోటే, చిల్లి. ఇంకెక్కడో పడి ఉంటే బాగుండునని దారంతా అనుకున్నాను.

చెయ్యి నిలిచిందని చెబితే లక్కమ్మ తలూపింది. నా రెండు చేతులూ పట్టుకుని, వెలుతురుకు తిప్పి, ఒక్కో వేలూ చూసి వదిలింది.

సాయంత్రం సీతారాములు దగ్గర కూర్చున్నాను. ముంజేయి సగం దాకా కోసి తెరిచి, లోపలి నూనె కడిగి కట్టు కట్టారు. చూపుడు వేలు తీసేశారు. ఇంకో పూట ఆలస్యమైతే మణికట్టు దాకా పోయేదని సర్జను చెప్పాడు. అరచేతిలో స్పర్శ తిరిగి వస్తుందో రాదో మాత్రం చెప్పలేనన్నాడు. నేను టేపు సంగతి అంతా చెప్పేశాను. ఖమ్మంలోనే చూశానని, చూసే చుట్టానని. కట్టు కట్టిన చేతిని ఎడమచేత్తో పొట్ట మీదికి తెచ్చుకున్నాడు.

“చూసినవు గద సార్,” అన్నాడు. “నాకొక్క మాట జెప్పేదుండె.”

తిట్టి ఉంటే సులువుగా ఉండేది. తరవాత, తోటలో రెండు రోజులుగా ఎవరూ పైపులు చూడలేదని, పోయేటప్పుడు ఒకసారి చూసి పొమ్మని అడిగాడు. దవాఖానాకు వచ్చి ఉన్న పద్మ ఇవాళ రాత్రికి ఇంటికి పోతుంది, పొద్దున నీళ్ళు వదులుతుందన్నాడు. సరేనన్నాను.

దమ్మపేట, తెల్లవారుజామున

పద్మ మోటారు వేసి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. తోటలో అదే మసక, అవే మొద్దులు, అదే నిశ్శబ్దం. నేను ట్రక్కులోంచి ఒక అట్టముక్క తెచ్చుకుని, పైపు మీదుగా పట్టుకుంటూ నడిచాను. అట్ట ఎక్కడో తడుస్తుంది, ఎక్కడ తడిసిందో తెలియదు. ఒక వరస పూర్తయ్యేసరికి మెత్తబడి చిరిగిపోయింది. ఒక్క కన్నం కూడా దొరకలేదు.

వెనక వస్తున్న పద్మ ఆగింది.

“మా పైపులల్ల నీళ్ళే సార్,” అంది.

అట్ట పడేసి వంగాను. కుడి అరచెయ్యి తెరిచి పైపు దగ్గరికి తీసుకెళ్ళాను. మధ్యలోనే ఆగిపోయింది. రెండోసారి కూడా ఆగింది. మూడోసారి కళ్ళు మూసుకుని పెట్టాను. నాలుగు చెట్లు దాటాక, సన్నగా, సూదిలాగా, చల్లగా తగిలింది. సరిగ్గా చూపుడు వేలి మొదట్లో. చెయ్యి అక్కడే పెట్టి నిలబడ్డాను, ఏడుపు ఆగలేదు. పద్మ పుల్ల దోపి బిగించింది.

తోట బయట ఎండలోకి వచ్చి అరచెయ్యి తిప్పి చూసుకున్నాను. తడి తప్ప ఏమీ లేదు. నొప్పి కూడా లేదు. అందుకే ఇంకా రోజూ చూసుకుంటున్నాను.